ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షకు ఎలా తయారవ్వాలి: బండి నడపడం వచ్చినవాళ్లు కూడా చదవాల్సింది

పొలంలో నాలుగేళ్లుగా ట్రాక్టర్ తోలుతున్న మా అక్క కొడుకు ఎల్‌ఎల్‌ఆర్ (బండి నేర్చుకోవడానికి ఇచ్చే లెర్నర్ లైసెన్స్) పరీక్షలో తప్పాడు. అదే వారం, స్కూటీ ఎక్కాలంటేనే జంకే మా చిన్నమ్మ బిడ్డ మొదటిసారికే పాసైంది. ఇంట్లో అందరూ నోరెళ్లబెట్టారు. నేను ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి, గుర్తున్న ప్రశ్నలు ఒక్కొక్కటీ చెప్పమన్నాను. అప్పుడు సంగతి తేటపడింది. వాడు రోడ్డు మీద రోజూ చూసేదే జవాబుగా పెట్టాడు. చెల్లె రోడ్డు రూళ్ల పుస్తకంలో చదివింది పెట్టింది.

అందులో ఒక ప్రశ్న నాకింకా గుర్తుంది. ఘాట్ రోడ్డులో ఎక్కే బండి, దిగే బండి ఎదురుపడితే ఎవరు దారి ఇవ్వాలి? “దిగేటోడికి స్పీడ్ ఉంటది గదా మామా, ఎక్కేటోడే ఆగాలె” అన్నాడు. శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూరు దాటినంక వాడు చూసింది అదే. రూలు దానికి తలకిందులు. ఎక్కే బండికే ముందు దారి. ఎత్తు మీద ఆగిన బండిని మళ్లీ కదిలించడం కష్టం, లోడు ఉంటే వెనక్కి జారుతుంది. దిగేవాడు బ్రేక్ మీద కాలు పెడితే సరిపోతుంది. కారణం చెప్పాక వాడు ఆ జవాబు మళ్లీ తప్పలేదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఈ పరీక్షకు పోతున్న పిల్లలందరికీ నేను మొదట చెప్పే మాట ఇదే. బండి నడపడం ముందే వస్తే ఇంకొంచెం ఎక్కువే చదవాలి. చేతికి అలవాటైన తప్పులు జవాబుల్లోకి వచ్చేస్తాయి.

ముందు కాగితాలు సరిచూసుకోండి

స్లాట్ బుక్ చేసే ముందు ఆధార్‌నూ పదో తరగతి మెమోనూ పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రెండింట్లో ఒక్కటే ఉన్నాయా? మన ఊళ్లలో చాలామంది ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని పడి ఉంటుంది. మెమోలో ఇంకో తేదీ ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకోండి. పరీక్షకు పదిరోజులు చదివి, కౌంటర్ దగ్గర తేదీ కలవక వెనక్కి వచ్చినవాళ్లను చూశాను.

గేర్లున్న మోటార్ సైకిల్‌కైనా, కారుకైనా 18 ఏళ్లు నిండాలి. పెద్దవాళ్ల ఒప్పుదలతో 16 ఏళ్లకే ఇచ్చే లైసెన్స్ ఒకటుంది గాని, అది 50 సీసీ మించని, గేర్లు లేని బండికే. మనం రోజూ చూసే స్కూటీలు, ఎక్సెల్ బండ్లు అంతకు మించినవే. ‘కాలేజీకే గదా’ అని పదహారేళ్ల పిల్లగాడికి తాళం చేతికిచ్చే తల్లిదండ్రులు ఒకటి తెలుసుకోవాలి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు దీనికి ప్రత్యేకంగా ఒక సెక్షన్ పెట్టారు. బండి ఇచ్చిన పెద్దవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ దక్కదు.

దరఖాస్తులో ఏ బండికి కావాలో అడుగుతారు. గేర్లున్న మోటార్ సైకిల్, లైట్ మోటార్ వెహికల్ రెండూ ఒకేసారి పెట్టుకోండి. ఇప్పుడు ఇంట్లో కారు లేకపోయినా రేపు నేర్చుకోవచ్చు. వ్యవసాయం చేసేవాళ్లకు ఇంకో లాభం ఉంది. ఖాళీ బరువు 7,500 కిలోలు మించని ట్రాక్టర్‌ను చట్టం లైట్ మోటార్ వెహికల్‌లోనే లెక్కిస్తుంది. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లన్నీ ఆ లోపలివే.

ఆరోగ్యం బాగుందని మీరే రాసిచ్చేది ఫారం 1. వయసు 40 దాటినవాళ్లు, ట్రాన్స్‌పోర్ట్ (కిరాయికి నడిపే) బండికి అడిగేవాళ్లు డాక్టర్ సంతకంతో ఫారం 1ఏ కూడా పెట్టాలి. స్లాట్ మీరే రవాణా శాఖ వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోవచ్చు, చేతకాకపోతే మీసేవలోనో నెట్ సెంటర్‌లోనో చేసిపెడతారు. ఆఫీసు బయట “పరీక్ష సంగతి మేం చూసుకుంటం, మీరు కూర్చుంటే చాలు” అనేవాళ్లు తగులుతారు. వాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. ఈ పరీక్ష అంత కష్టమైనది కాదు. చదవకుండా దాటితే ఆ తెలియనితనం మీతోపాటే హైవే ఎక్కుతుంది.

పెళ్లి పత్రికల వెనక గుర్తులు గీయండి

ఎక్కువ మార్కులు వచ్చేది రోడ్డు గుర్తుల దగ్గరే, పోయేదీ అక్కడే. పుస్తకంలో వందకు పైగా బొమ్మలు వరుసగా ఉంటాయి. అట్లా వరుసలో చదివితే రెండో రోజుకే అన్నీ కలిసిపోతాయి. మా ఇంట్లో మేం చేసిన పద్ధతి చెబుతాను.

ప్రతి ఇంట్లో పాత పెళ్లి పత్రికల కట్ట ఒకటి ఉంటుంది. దళసరి అట్ట, వెనక ఖాళీ. వాటిని ఆకారాల ప్రకారం కత్తిరించండి. గుండ్రాలు కొన్ని, త్రిభుజాలు కొన్ని, దీర్ఘచతురస్రాలు కొన్ని. ఎర్ర స్కెచ్, నీలి స్కెచ్, నల్ల స్కెచ్ చాలు. ఒక వైపు బొమ్మ మీ చేత్తోనే గీయండి, రెండో వైపు దాని అర్థం రాయండి. బొమ్మ వంకరగా వచ్చినా పర్వాలేదు. గీసేటప్పుడే సగం గుర్తుండిపోతుంది. మా చెల్లె గీసిన పశువుల బొమ్మ కుక్కలా ఉందని పిల్లలు నవ్వారు, కాని పరీక్షలో ఆ గుర్తు చూడగానే చెప్పేసింది.

ఆకారాలతో ఎందుకు మొదలుపెట్టాలంటే, ఆకారమే సగం జవాబు చెబుతుంది. గుండ్రం ఆజ్ఞ. దాటితే చలాన్ పడుతుంది. త్రిభుజం హెచ్చరిక. ముందు ఏదో ఉంది, నిదానం అంటుంది. దీర్ఘచతురస్రం సమాచారం. పెట్రోల్ బంకు, భోజనం, పార్కింగ్ ఎక్కడున్నాయో చెబుతుంది. ఈ లెక్కలో ఒదగనివి రెండే, అందుకే వాటిని తప్పకుండా అడుగుతారు. ఎనిమిది మూలల ఎర్ర పలక ‘ఆగు’. తలకిందులుగా నిలబెట్టిన త్రిభుజం ‘దారి ఇవ్వు’. ఈ రెండూ ఆకారం చూస్తే హెచ్చరికల్లా అనిపించినా ఆజ్ఞలే. వాటిని వెనక నుంచి చూసినా, మట్టి కొట్టుకుపోయినా గుర్తుపట్టాలని అందరికంటే వేరే ఆకారం ఇచ్చారు.

గుండ్రాల్లో రంగు చూడండి. ఎర్ర అంచు ఉంటే ‘వద్దు’ అనో ‘ఇంతకు మించొద్దు’ అనో అర్థం. మొత్తం నీలంగా ఉంటే ‘తప్పకుండా ఇట్లాగే చేయాలి’. ఎర్ర గుండ్రంలో 50 ఉంటే 50 దాటొద్దు, నీలి గుండ్రంలో 50 ఉంటే కనీసం 50తో పోవాలి. హారన్ బొమ్మ మీద ఎర్ర గీత ఉంటే కొట్టొద్దు, నీలి గుండ్రంలో హారన్ ఉంటే కొట్టే పోవాలి. నీలం మీద ఎర్ర గీతలు వచ్చేవి మాత్రం వేరే. ఒక్క ఏటవాలు గీత ఉంటే పార్కింగ్ లేదు. రెండు గీతలు అడ్డంగా కోసుకుంటే క్షణం కూడా ఆపొద్దు. మనుషుల్ని దించడానికి కూడా వీల్లేదు.

కార్డులు అయిపోయాక, కలిసిపోయే గుర్తులను జంటలుగా విడదీయండి. నన్నడిగితే చదువుకు కేటాయించిన టైంలో సగం ఈ జంటలకే ఇవ్వాలి. ఇరుకు వంతెన, ఇరుకు రోడ్డు. కుడి మలుపు, కుడి వైపు హెయిర్‌పిన్ మలుపు (వెనక్కి తిరిగినట్టుండే మలుపు). వెడల్పు పరిమితిలో బాణాలు రెండు పక్కల నుంచి వస్తాయి, ఎత్తు పరిమితిలో పైనుంచి, కిందినుంచి వస్తాయి. చెంచా, ఫోర్కు ఉంటే భోజనం దొరికేచోటు. కప్పు ఉంటే టీ, టిఫిన్. కాపలా ఉన్న రైల్వే గేటుకు గేటు బొమ్మ, కాపలా లేనిదానికి రైలింజన్ బొమ్మ. చాలామంది ఇక్కడ తారుమారు చేస్తారు. గేటు ఉంటే గేటు గీశారు, గేటు లేనిచోట నేరుగా కనిపించేది ఇంజనే. అట్లా గుర్తుపెట్టుకోండి.

మీ ఊరి నుంచి టౌనుకు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కనిపించిన ప్రతి బోర్డునూ మనసులో చదవండి. నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ దాకానో, జడ్చర్ల నుంచి కొత్తకోట దాకానో ఒక్కసారి పోయి వస్తే పుస్తకంలోని హెచ్చరిక గుర్తుల్లో చాలా మటుకు ఎదురవుతాయి. మీడియన్ (డివైడర్) మధ్యలో సందు, పక్క నుంచి కలిసే రోడ్డు, బడి ఉంది, ముందు మలుపు. రెండు కిలోమీటర్లకు ఒక మాటు ‘ఇదేంటి?’ అని ఆగితే, ఆ గుర్తు ఇంటికొచ్చి కార్డు మీద ఎక్కించండి.

అలవాటు ఒకటి, రూలు ఒకటి

ఇక రోడ్డు నియమాలు. ఈ భాగంలో చేయి తిరిగినవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. ఒక నోట్‌బుక్ తీసుకుని ఒక వైపు ‘మా దగ్గర అందరూ చేసేది’, రెండో వైపు ‘రూలు’ అని రాసుకోండి. రెండూ ఒకటైన చోట చదవనక్కర్లేదు. వేరైన చోటే కూర్చోండి.

చౌరస్తాతో మొదలుపెడదాం. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర గుండ్రం తిరిగేటప్పుడు గట్టిగా హారన్ కొట్టినవాడు ముందు దూరుతాడు. రూలు ప్రకారం, అప్పటికే గుండ్రంలో తిరుగుతున్న బండికి దారి ఇచ్చి, ఆ తర్వాతే మీరు లోపలికి పోవాలి. మనం ఎడమ పక్క నడుపుతాం కాబట్టి ఆ బండి మీ కుడి నుంచి వస్తుంది. సిగ్నల్ లేని మామూలు చౌరస్తాలో రెండు రోడ్లూ సమానమైతే కూడా కుడి నుంచి వచ్చేవాడికే దారి. పక్కరోడ్డు నుంచి మెయిన్‌రోడ్డు ఎక్కుతుంటే, మెయిన్‌రోడ్డు మీద ఉన్నవాళ్లంతా పోయాకే మీరు. ఊరి బాట నుంచి 65వ నంబర్ హైవే మీదికి తల కూడా తిప్పకుండా ఎక్కే బైకులు మనం రోజూ చూస్తాం. అదే ప్రశ్నగా వస్తే చేతికి అలవాటైన జవాబు పెట్టకండి.

పసుపు లైటు పడగానే మన దగ్గర స్పీడ్ పెంచుతారు. దాని అర్థం ఆగడానికి సిద్ధమవ్వమని. గీతకు మరీ దగ్గరైపోయి, ఆపితే వెనకవాడు గుద్దేటట్టు ఉంటేనే దాటాలి. వెలిగి ఆరే పసుపు లైటుకు నిదానించి, చూసుకుని పోవాలి. వెలిగి ఆరే ఎర్ర లైటుకు మాత్రం పూర్తిగా ఆగి, చూసి, అప్పుడు కదలాలి. ఈ రెండో దాని దగ్గర ఎక్కువమంది తప్పుతారు.

ఓవర్‌టేక్ కుడి వైపు నుంచే. ఎడమ నుంచి ఎప్పుడు చేయొచ్చు అనే ప్రశ్నకు జవాబు, ముందు బండి కుడికి తిరుగుతానని సిగ్నల్ ఇచ్చి రోడ్డు మధ్యకు జరిగినప్పుడు. మిమ్మల్ని ఎవరైనా ఓవర్‌టేక్ చేస్తుంటే మీరు స్పీడ్ పెంచొద్దు. మలుపు మీద, వంతెన మీద, ఎత్తు ఎక్కుతూ అవతల ఏముందో కనపడనిచోట ఓవర్‌టేక్ లేదు. ఇరుకు వంతెన మీదికి ఎదుటి బండి ఎక్కబోతుంటే, అది వచ్చి దాటేదాకా ఇవతలే ఆగాలి. రోడ్డు మధ్య గీత ముక్కలు ముక్కలుగా ఉంటే చూసుకుని దాటొచ్చు. తెగకుండా ఉంటే దాటొద్దు.

జీబ్రా గీతల దగ్గర నిలబడ్డ మనిషి కనిపిస్తే, హారన్ కొట్టి పక్క నుంచి పోవడం అనే జవాబు ఒకటి ఉంటుంది. అది పెట్టకండి. ఆగి, వాళ్లు దాటాకే పోవాలి. చేతిలో తెల్ల కర్ర ఉన్న మనిషి రోడ్డు దాటుతుంటే, ఆ కర్రనే ‘ఆగు’ గుర్తుగా తీసుకోవాలి.

ట్రాక్టర్ ట్రాలీలో కూలీలను తీసుకుపోవడం గురించి ఒక మాట ఎక్కువే చెప్పాలి. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించొచ్చా అనే ప్రశ్నకు మన పిల్లలు సులువుగా ‘అవును’ పెడతారు. పత్తి ఏరే రోజుల్లో పొద్దున్నే చూస్తే ప్రతి ఊరి నుంచీ ట్రాలీ నిండా మనుషులు పోతుంటారు. పెళ్లిళ్లకు డీసీఎం లారీలు సరేసరి. 2018 ఏప్రిల్‌లో మన నల్లగొండ జిల్లా పెద్దఅడిశర్లపల్లి మండలంలో కూలీలతో పోతున్న ట్రాక్టర్ ఏఎమ్మార్పీ (అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలో పడింది. పొలం పనికి బయల్దేరిన ఆడవాళ్లు ప్రాణాలతో తిరిగి రాలేదు. ట్రాలీకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు, బోల్తా పడితే మనుషుల మీదే పడుతుంది. జవాబు ‘వద్దు’. పరీక్షలోనూ, మీ ఇంటి ట్రాక్టర్‌కూ అదే జవాబు.

రాత్రి ఎదురుగా బండి వస్తే లైటు డిమ్ చేయాలి. హాస్పిటల్ ముందు హారన్ లేదు. బైకు వెనక ఒక్కరే. ముందు కూర్చున్నవాళ్లకూ వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ ఉండాలి, దాని బెల్టు పెట్టుకుని ఉండాలి. ఇవి అందరికీ తెలిసినవే, ఒక్కసారి చూసుకుంటే చాలు.

పుస్తకంలో లేని ప్రమాదం ఒకటి మన వైపు ఉంది, అది చెప్పకుండా ముందుకు పోలేను. యాసంగి కోతలప్పుడు రోడ్డు సగం మీద వడ్లు ఆరబోస్తారు. కుప్ప చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రికి నల్ల పట్టా కప్పుతారు. డాంబర్ రోడ్డు మీద నల్ల పట్టా డిమ్ లైట్‌లో అస్సలు కనపడదు. మా ఊరి బాట మీద మా బాబాయి ఒక రాత్రి సరిగ్గా ఆ రాయి మీదికే ఎక్కించి చేయి విరగ్గొట్టుకున్నాడు. రాత్రి నిలిపిన బండికి పార్కింగ్ లైటు ఉండాలన్న రూలు చదివేటప్పుడు ఈ కుప్పను గుర్తుచేసుకోండి. మన లైటు వెలుగులో కనపడేంత దూరంలోనే ఆగగలిగిన స్పీడ్‌తో పోవడం ఎందుకో అర్థమవుతుంది.

చేతి సిగ్నళ్లు అద్దం ముందు

ఇండికేటర్లు వచ్చాక చేతి సిగ్నళ్లు ఎవరూ వాడరు. పరీక్ష మాత్రం అడుగుతుంది. బొమ్మ చూసి బట్టీ పడితే ఎడమ, కుడి తారుమారవుతాయి. కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి పెట్టినట్టు కుడి చేయి బయటికి పెట్టి చేసి చూడండి. అన్ని సిగ్నళ్లూ కుడి చేత్తోనే.

కుడికి తిరగాలంటే చేయి నేరుగా చాచి, అరచేయి ముందుకు పెట్టాలి. ఎడమకు తిరగాలంటే చేయి చాచి, గడియారం ముళ్లు తిరిగే దిక్కుకు ఎదురు దిక్కులో గుండ్రంగా తిప్పాలి. నిదానిస్తున్నానని చెప్పాలంటే అరచేయి నేలవైపు పెట్టి పైకీ కిందికీ ఊపాలి, ఎవరినో నెమ్మదిగా కూర్చోమన్నట్టు. ఆగుతున్నానంటే మోచేయి మడిచి చేతిని నిటారుగా పైకెత్తాలి. వెనకవాణ్ని ముందుకు పొమ్మనాలంటే చేయి వెనక నుంచి ముందుకు ఊపాలి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, మీరు చేయి పెడితే వాళ్లు పేరు చెప్పాలి. పది నిమిషాల్లో వచ్చేస్తుంది.

చట్టం ప్రశ్నలు

ఇవి కొద్దిగానే ఉంటాయి గాని, చదవనివాళ్లకు తోచేవి కావు. బండితో ఉండాల్సిన కాగితాలు లైసెన్స్, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. ట్రాన్స్‌పోర్ట్ బండికి పర్మిట్, ఫిట్‌నెస్ కూడా. రక్తంలో మద్యం 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. తెల్ల పలక మీద నల్ల అక్షరాలు సొంత బండి, పసుపు పలక మీద నల్ల అక్షరాలు కిరాయి బండి, పచ్చ పలక కరెంటు బండి.

యాక్సిడెంట్ జరిగితే డ్రైవర్ ఏం చేయాలన్నది తప్పకుండా చదవండి. దెబ్బ తగిలినవాళ్లను దగ్గర్లోని హాస్పిటల్‌కు చేర్చాలి, లేదా 108కి చేసి వచ్చేదాకా ఉండాలి. వీలైనంత తొందరగా, 24 గంటల లోపే పోలీస్ స్టేషన్‌లో చెప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీకీ తెలపాలి. “ఆగితే జనం కొడతారు మామా” అన్నాడు మావాడు. ఆ భయం చట్టానికీ తెలుసు. గుంపు మీదపడే పరిస్థితి ఉంటే అక్కడ ఆగనవసరం లేదని సెక్షన్‌లోనే రాసి ఉంది. కాని ఆ భయంతో పోలీసులకు చెప్పడం మానొద్దు. ఇంకొకరి యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలినవాళ్లను మీరు హాస్పిటల్‌కు తీసుకుపోతే, మిమ్మల్ని కేసులో ఇరికించకుండా 2019 సవరణ కాపాడుతుంది. ఇది పరీక్షలో రాకపోయినా మనసులో ఉండాలి.

కాపలా లేని రైల్వే గేటు ప్రశ్న చూసి, ఇప్పుడు అట్లాంటివి ఎక్కడున్నాయి అంటారు. నిజమే, బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అవి 2019 జనవరికి మొత్తం తీసేశారు. మన నల్లగొండ లైను, మహబూబ్‌నగర్ లైను రెండూ బ్రాడ్‌గేజే. కాని 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో స్కూల్ బస్సును రైలు గుద్దింది కాపలా లేని గేటు దగ్గరే. ఆ పిల్లలను తలుచుకుంటే ఈ ప్రశ్న పాతబడిందని నాకనిపించదు. జవాబు ఇది. బండి ఆపాలి, క్లీనరో కండక్టరో దిగి పట్టాల దాకా నడిచి రెండు వైపులా చూసి రావాలి. పక్కన ఎవరూ లేకపోతే డ్రైవరే దిగి చూడాలి.

పరీక్షకు ముందు నాలుగు రోజులు

కార్డులు, నోట్‌బుక్ అయిపోయాక కొత్తగా ఏమీ చదవకండి. లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైట్ సారథి పోర్టల్‌లో మాక్ టెస్ట్ (నమూనా పరీక్ష) ఉంటుంది. రోజుకు రెండుసార్లు రాయండి. తప్పిన ప్రశ్న పక్కన ఎందుకు తప్పిందో ఒక్క మాట రాసుకోండి: ‘తొందర’, ‘తెలియదు’, ‘అలవాటు’. మూడోది ఎక్కువగా ఉంటే మళ్లీ నోట్‌బుక్ తీయండి.

పాస్ కావడానికి వందకు అరవై శాతం సరైన జవాబులు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంది. అంటే 20 ప్రశ్నలైతే 12, 15 అయితే 9. మాక్ టెస్ట్‌లో మాత్రం ఈ హద్దు దగ్గర ఆగకండి. ఇంట్లో 20కి 18 వచ్చేదాకా రాస్తే, ఆఫీసులో కంగారులో నాలుగు పోయినా గట్టెక్కుతారు.

తెలుగులో రాసేవాళ్లకు ఒక సంగతి. మనం ఓవర్‌టేక్, చౌరస్తా, నడిచిపోయేవాళ్లు అంటాం. ప్రశ్నల్లో అధిగమించడం, కూడలి, పాదచారులు లాంటి పుస్తకం మాటలు వస్తాయి. మా అక్క కొడుకుకు ‘పాదచారి’ అంటే ఎవరో ముందే చెప్పి ఉంటే ఒక మార్కు మిగిలేది. మాక్ టెస్ట్‌లో కనిపించిన ఇట్లాంటి మాటలన్నీ ఒక చోట రాసుకుని, పక్కన మీరు వాడే మాట రాసుకోండి. చదువు తక్కువైనవాళ్లు, ఇంట్లో అమ్మలు, పెద్దమ్మలు వెనకాడొద్దు. బిడ్డల్లో ఎవరైనా ప్రశ్న పైకి చదివితే వాళ్లు జవాబు చెప్పడం నాలుగు రోజులు అలవాటు చేసుకుంటే, గుర్తుల ప్రశ్నలు చూపుతోనే పట్టేస్తారు.

ఆ రోజు

స్లాట్ టైంకు అరగంట ముందే చేరండి. ఊరి నుంచి వచ్చేవాళ్లు మొదటి బస్సు చూసుకోండి. బండి మీద మాత్రం మీరే నడుపుకుంటూ రాకండి. ఇంకా ఎల్‌ఎల్‌ఆర్ కూడా లేదు. ఒరిజినల్స్, వాటి జిరాక్సులు, స్లాట్ కాగితం, ఫీజు రసీదు ఒకే కవర్‌లో పెట్టుకోండి.

కంప్యూటర్ ముందు కూర్చున్నాక ప్రశ్న చివరిదాకా చదవండి. ‘చేయకూడనిది ఏది’ అని చివర్లో ఉంటే మొత్తం అర్థం మారిపోతుంది. తెలియని ప్రశ్న వస్తే, జవాబుల్లో నిదానించేది, ఆగేది, దారి ఇచ్చేది ఏదో చూడండి. స్పీడ్ పెంచడం, హారన్ కొట్టి దూరిపోవడం సరైన జవాబు కావడం చాలా అరుదు. తప్పితే సిగ్గుపడేదేమీ లేదు. మళ్లీ స్లాట్ తీసుకోవచ్చు. బయటికి రాగానే గుర్తున్న ప్రశ్నలు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. మావాడు రెండోసారి పాసైంది అట్లాగే.

చేతికి ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక

బండికి ముందు, వెనక తెల్ల పలక మీద ఎర్ర ‘ఎల్’ ఉండాలి. పలక కనీసం 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తు. కాగితం మీద స్కెచ్‌తో గీసి అంటిస్తే మొదటి వానకే పోతుంది, రేడియం షాపులో కోయించుకోండి. కారు నేర్చుకుంటుంటే పక్క సీట్లో లైసెన్స్ ఉన్నవాళ్లు, అవసరమైతే బండిని ఆపగలిగేటట్టు కూర్చోవాలి. బైకు మీద నేర్పేవాళ్లు తప్ప వెనక ఇంకెవరూ ఎక్కొద్దు. చెల్లెనో దోస్తునో కాలేజీలో దించడానికి కూడా వీల్లేదు.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు నడుస్తుంది. అసలు డ్రైవింగ్ టెస్ట్‌కు అది వచ్చిన 30 రోజుల తర్వాతే పోవచ్చు. కాగితం చేతికి రాగానే గోడ క్యాలెండర్‌లో రెండు తేదీల చుట్టూ గుండ్రం పెట్టండి, ముప్పయ్యో రోజు ఒకటి, ఆరు నెలలు నిండే రోజు ఒకటి. చాలామంది పంట పనుల్లో పడి రెండో తేదీ దాటేస్తారు. అప్పుడు స్లాట్, ఫీజు, పెళ్లి పత్రికల కార్డులు అన్నీ మొదటి నుంచి.